గుండ్లకమ్మ నీళ్ళలో నిలబడినవారు

(బిషప్ వి.ఎస్. అజరయ్య స్మారకోపన్యాస పాఠం)



బిషప్ అజరయ్య గారి స్మృతిలో మాట్లాడమని పిలిచినప్పుడు విషయాన్ని కూడా నిర్వాహకులే నిర్ణయించారు: క్రైస్తవ జీవితంలో తగ్గింపు, దేవునికి మహిమ చెల్లించడం. చిన్నప్పటి నుంచీ వింటున్న విషయమే. ఆదివారం ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతివారూ చివర్లో ఇందులో నా గొప్పేమీ లేదు, మహిమంతా దేవునికే అని చెప్పి కూర్చుంటారు. జబ్బు నయమైన తల్లి, ఉద్యోగం దొరికిన కుర్రాడు గొంతు పూడుకుపోతుండగా ఆ మాట అన్నప్పుడు అది గుండెలోంచి వచ్చిన మాటేనని నాకు తెలుసు. దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఆ మాట అనేశాక మహిమ దేవునికి చేరిపోయినట్టేనని మనం నమ్మేస్తున్నాం. నాకు దిగులు కలిగేది అక్కడే. మహిమ ఎవరికి చేరిందో తేల్చేవి వేరే ఉన్నాయి. పని జరుగుతున్నప్పుడు ముందు ఎవరు నిలబడ్డారు, ఎవరు పక్కకు తప్పుకున్నారు, పుస్తకంలో ఎవరి పేరు ఎక్కింది, కానుకల డబ్బు ఎటు వెళ్ళింది, ఇవి చూడాలి. తగ్గింపు అంటే మాటలో, మనసులో ఉండే మెత్తదనమని అనుకుంటాం. తెలుగు సంఘ చరిత్ర చదివేకొద్దీ అది స్థానానికీ అధికారానికీ సంబంధించిన పని అని నాకు గట్టిగా అనిపిస్తోంది. పైనున్నవాడు దిగి, ఇంకొకరికి చోటివ్వడం. ఈ సాయంత్రం నేను చెప్పేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఒంగోలు సంగతి చెబుతాను. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో స్థిరపడ్డారు. ఏళ్ళు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేదు. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో తెలుగు మిషన్‌ను మూసేద్దామా అన్న చర్చ కూడా వచ్చింది. ఆ మరుసటి ఏడు మొదటి రోజున, 1854 జనవరి 1న, తెల్లవారుజామునే ఐదుగురు ఒంగోలులో కొండెక్కి ప్రార్థన చేశారు. ఆ మిషన్‌కు చెందిన జూయెట్ దొరగారు, ఆయన భార్య, వారితో ముగ్గురు తెలుగువాళ్ళు: క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఆ ముగ్గురి పేర్లూ నేను కావాలనే చెబుతున్నాను. ప్రార్థన కొండ కథ చెప్పేటప్పుడు జూయెట్ పేరు చెప్పి, తక్కినవారిని ‘మరికొందరు విశ్వాసులు’ అని సరిపెట్టడం చాలాసార్లు విన్నాను.

పన్నెండేళ్ళ తర్వాత, 1866లో, అదే మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు. పట్టణంలో పై కులాలవారు ఆయనను ఆదరించారు. తమ పిల్లలకు బడి కావాలన్నారు. పలుకుబడి ఉన్నవాళ్ళు ముందు వస్తే తక్కినవాళ్ళు వాళ్ళ వెంటే వస్తారని ఏ మిషనరీకైనా ఆశ ఉండడం సహజం. అంతలో ఎర్రగుంట్ల పేరయ్య వచ్చాడు. మాదిగవాడు. రాజయోగ మార్గంలో సాధన చేసి, ఇంకా దేనికోసమో వెతుక్కుంటూ తిరిగినవాడు. ఆయన, ఆయన భార్య బాప్తిస్మం తీసుకున్నారు. తమ వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని పై కులాలవారు తేల్చేశారు. క్లౌ ఇరకాటంలో పడ్డాడు. ఆయన ఒక గదిలో, భార్య హ్యారియెట్ మరో గదిలో, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం ఎదురైందని వాళ్ళు తర్వాత చెప్పుకున్నారు. కొరింథీయులకు పౌలు రాసిన మొదటి పత్రికలో మొదటి అధ్యాయం చివరి వాక్యాలవి.

అక్కడ పౌలు కొరింథు సంఘాన్ని తమలోకి తాము చూసుకోమంటాడు. మీలో లోకం మెచ్చే జ్ఞానులు ఎందరున్నారు, బలవంతులు ఎందరు, గొప్ప వంశాలవాళ్ళు ఎందరు అని అడుగుతాడు. లోకం లెక్కలోకి తీసుకోని మనుషులనే దేవుడు ఏరుకున్నాడని, తన ఎదుట ఎవరూ విర్రవీగకుండా ఉండడానికే అలా చేశాడని వివరిస్తాడు. గర్వపడాలని ఉంటే ప్రభువును చూసుకుని గర్వపడమని అధ్యాయం ముగిస్తాడు. మహిమ దేవునికే అని మనం రోజూ అనే మాట వేళ్ళు ఇక్కడున్నాయి. పౌలు ఈ మాటలు చెప్పిన సందర్భం చూడండి. సంఘంలో ఎవరిది పై చేయి అన్న పోట్లాట నడుస్తోంది. నేను ఫలానా గురువు మనిషిని, నేను ఫలానా వారి మనిషిని అని వర్గాలు కట్టారు. విర్రవీగవద్దన్న హెచ్చరిక మెడలెత్తినవాళ్ళకు. అదే వాక్యం తరతరాలుగా నడుము వంగిపోయినవాళ్ళ చెవిన పడితే, నిన్ను దేవుడు ఏరుకున్నాడన్న కబురుగా వినిపిస్తుంది. పేరయ్యకు అలాగే వినిపించి ఉంటుందని నా నమ్మకం.

ఈ తేడా చెప్పకుండా తెలుగు సంఘంలో తగ్గింపు గురించి బోధించడం నాకు అన్యాయంగా తోస్తుంది. మన సంఘాల్లో ఎక్కువమందిమి మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి వచ్చినవాళ్ళం. మన ముత్తాతలు ఊరి బావిలో చేద వేయడానికి వీల్లేదు. ఊరందరికీ చెప్పులు కుట్టినవాళ్ళు ఊరి వీధిలోకి వచ్చేసరికి తమ కాళ్ళ చెప్పులు విడిచి చేత పట్టుకుని నడిచారు. అలాంటి ఇంట పుట్టినవాణ్ణి నిలబెట్టి ఇంకా తగ్గమని చెబితే, అందులో క్రీస్తు ఎక్కడున్నాడు? శిష్యుల కాళ్ళు కడగడానికి యేసు లేచాడని యోహాను 13వ అధ్యాయంలో రాశాడు. దానికి ముందే, తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చానని, అక్కడికే వెళుతున్నానని ఆయనకు తెలుసని కూడా రాశాడు. ఆ ఎరుకతోనే నడుముకు తువ్వాలు చుట్టుకున్నాడు. తానెవరో తెలిసి, తనంతట తాను వంగాడు. ఒకరు మెడ మీద చెయ్యి వేసి వంచితే వంగేది ఇది కాదు.

ఒక పల్లెలో సంఘ వార్షికోత్సవానికి వెళ్ళాను. ఆ సంఘాన్ని ఎన్నో ఏళ్ళు కాపాడిన వృద్ధ ఉపదేశి వేదిక కింద నేల మీద కూర్చున్నారు. కుర్చీ వేస్తే వద్దన్నారు. ఆయన తగ్గింపు చూడండని మైకులో మెచ్చుకున్నారు. వేదిక మీద శాలువాలు కప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సభలో తగ్గవలసినవాళ్ళు ఎవరో నాకు స్పష్టంగా కనిపించింది. ఆయన పక్కన నేల మీద కూర్చోవలసిన పని మాది.

మళ్ళీ క్లౌ దగ్గరికి వస్తాను. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని కరువు పీల్చి పిప్పి చేసింది. ప్రభుత్వం కరువు పనుల కింద బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే, అందులో మూడున్నర మైళ్ళ పని క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి దొరికేలా చేశాడు. తెలుగు బోధకులే పనివాళ్ళ మీద మేస్త్రీలుగా ఉండి, తీరిక వేళల్లో వాక్యం చెప్పేవారు. బాప్తిస్మం అడిగేవాళ్ళు పెరిగిపోయారు. కరువు పనులు సాగినంత కాలం క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. అన్నం కోసం కలిశారన్న మాట వాళ్ళ మీద పడకూడదని, అన్నం కోసం ఎవరూ కలవకూడదని. స్వదేశంలోని బోర్డుకు ఏటా లెక్కలు పంపవలసిన మనిషి, లెక్క పెంచుకోవడానికి అంతకంటే అనువైన కాలం దొరకని రోజుల్లో, అడిగినవాళ్ళను ఆగమన్నాడు. మిషన్ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అలా ఆగమనడమే. దాని ఫొటో ఉండదు, దానికి వార్షికోత్సవం జరగదు.

సహాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం రావడం మానలేదు. ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చేరారు. 1878 జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం పొందారు. మూడు రోజుల్లో 3,536 మంది. ఒక్కరోజులో 2,222 అన్న సంఖ్య దేశదేశాల సంఘాల్లో మారుమోగింది. క్లౌ పేరు అమెరికాలో ఇంటింటికీ తెలిసింది.

ఆ జూలై 3న నీళ్ళలో నిలబడి బాప్తిస్మమిచ్చింది తెలుగు బోధకులు. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున నదిలోకి దిగారు. ఆ ఇద్దరూ అలసిపోతే మరో ఇద్దరు. మధ్యాహ్నం కాసేపు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి సాయంత్రానికి పూర్తి చేశారు. అన్నీ దగ్గరుండి చేయించినవాడు క్లౌ. పన్నెండేళ్ళు కష్టపడినవాడికి ఆ రోజు నదిలోకి దిగాలని ఉండదా? ఆ పని తెలుగువాళ్ళ చేతుల్లో పెట్టాడు. ఇప్పుడు ఈ సభను అడుగుతున్నాను. ఆ ఆరుగురి పేర్లు మీలో ఎందరు చెప్పగలరు? సంఖ్య గుర్తుంది, దొర గుర్తున్నాడు. పొద్దంతా నడుములోతు నీళ్ళలో నిలబడ్డవాళ్ళు గుర్తు లేరు. దేవునికి చేరవలసిన మహిమ దారిలో ఎక్కడో ఆగిపోయిందంటే, ఆపింది క్లౌ అని నేను అనలేను. తర్వాత ఆ కథ చెప్పుకున్న మనం ఆపాం. దేవుడు ఎవరి చేతులతో పని చేయించుకున్నాడో ఆ చేతులను దాచిపెట్టి ఆయనకు మహిమ చెల్లించడం కుదరదు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక చివరి అధ్యాయం చూడండి, అంతా పేర్లే. ఫీబే, ప్రిస్క, అకుల, మరియ, ఇంకా ఎందరో. దేవునికి మహిమ అంటూ ముగిసే ఆ పత్రికలో అంతమంది మనుషుల పేర్లకు చోటు దొరికింది.

అజరయ్య గారి జీవితాన్ని నేను ఈ వెలుగులోనే చదువుతాను. 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెళ్ళాలన్‌విళైలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయకం గారు పల్లె సంఘానికి గురువు, నాడార్ కులస్థుడు. ఆ కులం ఆ రోజుల్లో ఎన్ని అవమానాలు పడిందో దక్షిణ తిరువాన్కూరు చరిత్ర చదివినవాళ్ళకు తెలుసు. అజరయ్య గారు మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు. పరీక్షల సమయంలో జబ్బుపడి పట్టా పుచ్చుకోలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దక్షిణాది అంతా తిరిగి పేరు తెచ్చుకున్నారు. 1903లో తిరునల్వేలి క్రైస్తవులతో కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. విదేశీ డబ్బు, విదేశీ మనిషి లేకుండా భారతీయులే తమ ఖర్చుతో సువార్త పని చేయాలన్నది దాని పట్టుదల. ఆ సొసైటీ నిజాం రాజ్యంలోని డోర్నకల్ ప్రాంతాన్ని ఎంచుకుంది. కొన్నాళ్ళకు, అక్కడికి ఇతరులను పంపుతూ తాను పట్టణాల్లో ప్రసంగాలు చేస్తూ ఉండడం ఆయనకు మింగుడు పడలేదు. 1909లో ఉద్యోగం వదిలి, గురువుగా అభిషేకం పొంది, భార్య అన్బు గారితో డోర్నకల్ వచ్చారు. మొదట గుడారంలోనే కాపురం. ముప్పై అయిదేళ్ళ వయసులో తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి సంవత్సరం, 1910లో, ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభకు వెళ్ళారు. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావాళ్ళు ఇరవై మందికి మించరు. విదేశీ మిషనరీలు, దేశీయ సేవకులు కలిసి పనిచేయడం గురించి మాట్లాడమంటే ఆయన మొహమాటం లేకుండా మాట్లాడారు. మీరు మాకోసం ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, దానికి మా కృతజ్ఞత ఎప్పటికీ ఉంటుంది, కాని మమ్మల్ని స్నేహితులుగా చూడలేదు అన్నది ఆ ప్రసంగ సారాంశం. భోజనానికి పిలవడం, చేయి కలపడం వంటి చిన్న సంగతులు కూడా తెచ్చారు. సభలో కొందరికి కోపం వచ్చింది. మరికొందరికి కనువిప్పు కలిగింది.

తగ్గింపు ఉన్నవాడు ఇలా మాట్లాడతాడా అని నన్ను అడిగినవాళ్ళున్నారు. నా దృష్టిలో ఆ ప్రసంగం తగ్గింపు నుంచే వచ్చింది. ఆయన తనకోసం పదవి అడగలేదు, జీతం అడగలేదు. స్నేహం అడిగారు. స్నేహం అడిగేవాడు ఎదుటివాడి ముందు తన అవసరాన్ని ఒప్పుకుంటాడు. అదే సమయంలో, నేను నీకు సరిసమానుణ్ణి అని కూడా చెబుతాడు. ఈ రెండూ ఒకే నోట పలకగలిగినవాడికి తన విలువ దేవుని దగ్గర నుంచి వచ్చిందని తెలుసు. మనుషుల దగ్గర దాన్ని పోగొట్టుకునే భయం ఉండదు. దొరల ముందు నోరు మూసుకుని ఉంటే ఆయనను వినయశీలి అని అందరూ పొగిడేవాళ్ళే. ఆ పొగడ్త వల్ల ఎవరికీ మేలు జరిగేది కాదు.

రెండేళ్ళకు, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ కెతీడ్రల్‌లో ఆయన బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తెల్లవాళ్ళు నల్లవాడి కింద పనిచేయాలా అన్న వ్యతిరేకత బాగానే వచ్చింది. ఈ సందర్భంలో తగ్గింపు గురించి చెప్పవలసింది అజరయ్య గారి కంటే మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గురించి. తన ఏలుబడిలో ఉన్న ప్రాంతం నుంచే కొంత విడదీసి, కొత్త డయోసిస్ ఏర్పడడానికి, దాన్ని భారతీయుడి చేతిలో పెట్టడానికి ఆయన సాటివారితో వాదించి నిలబడ్డాడు. తన చేతిలోది తగ్గించుకుంటే తప్ప అవతలివాడు పెరగడని ఆయన గ్రహించాడు. తర్వాత డోర్నకల్ డయోసిస్ కృష్ణా సీమ దాకా విస్తరించింది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం అజరయ్య గారికి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆయన కాదనలేదు. గౌరవం వస్తే తీసుకోవడంలో దోషం లేదు. దాని కోసం తిరగడంలో, అది లేకపోతే బతకలేకపోవడంలో ఉంది దోషం.

పల్లెల్లో ఆయన చేసిన పని గురించి ఒక సంగతి చెబుతాను. బాప్తిస్మం పొందినవాళ్ళను, అప్పుడే నీళ్ళు పోసుకున్నట్టుగా తల మీద చేయి పెట్టుకోమనేవారు. సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అన్న పౌలు భావాన్ని తన వెంట పలకమనేవారు. అక్షరం రాని కూలి, నిన్నటిదాకా ఊరి పొలిమేర దాటని ఆడమనిషి ఆ మాట అనేవాళ్ళు. ఆ పద్ధతిలో ఎంత లోతుందో ఆలోచించండి. సువార్త చెప్పే పని బిషప్‌ది, దొరది, జీతం తీసుకునే బోధకుడిది అన్న లెక్కను ఆయన చెరిపేశారు. తన పదవికి ఉన్న గొప్పతనాన్ని ఆ కూలి తల మీద పెట్టారు. డోర్నకల్ సంఘం అంతగా విస్తరించిందంటే అజరయ్య గారి ప్రసంగాలు ఒక్కటే కారణం కాదు. బాప్తిస్మం పొందినవాళ్ళు తమ చుట్టాలకు, పక్క పల్లెలవాళ్ళకు చెప్పుకున్నారు. పని వాళ్ళది కాబట్టి మహిమ బిషప్ దగ్గర ఆగడానికి చోటు లేకపోయింది.

కానుకల విషయంలోనూ అంతే. క్రైస్తవులు ఇవ్వడం గురించి ఆయన ఒక పుస్తకమే రాశారు. బీదవాళ్ళని చెప్పి ఎవరినీ మినహాయించలేదు. మన తల్లులు వంటకు బియ్యం కొలిచేటప్పుడు పిడికెడు తీసి పక్కన పెట్టడం, కోత పండుగకు ధాన్యం, కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు తేవడం మన పల్లె సంఘాల్లో ఎలా స్థిరపడిందో మీకందరికీ తెలుసు. బీదవాడు ఇచ్చినప్పుడు పుచ్చుకునేవాడి స్థానం నుంచి బయటికి వస్తాడు. ఇది కూడా అతన్ని పైకి లేపడమే. డోర్నకల్‌లోని ఎపిఫనీ కెతీడ్రల్ చూసే ఉంటారు. గుమ్మటాలు, మినార్లు, రాతి స్తంభాలు, ఈ దేశపు గుళ్ళనూ మసీదులనూ రెంటినీ గుర్తుచేసే కట్టడం. అది పూర్తయి ప్రతిష్ఠ జరిగింది 1939 జనవరి 6న. బిషప్ అయిన ఇరవై ఆరేళ్ళకు. ముందు గుడి కట్టించి దాని మీద పేరు చెక్కించుకోవలసిన తొందర ఆయనకు లేదు.

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని కూడా ఆయన వాదించారు. సంఘం తన బలం, తన వాటా చూసుకునే వర్గంగా మారితే సాక్ష్యం పోతుందని భయపడ్డారు. రాజకీయంగా ఆ అభిప్రాయంతో ఏకీభవించని పెద్దలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. బడుగుల ప్రాతినిధ్యం ప్రశ్న అంత తేలికైనది కాదని నేనూ అనుకుంటాను. ఆయన భయం మాత్రం నిజమైన భయమే.

సంఘాల ఐక్యత కోసం 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో ఆయన ముందున్నారు. ఆ మాటల ఫలితంగా దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. ఆయన 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు. పాతికేళ్ళు పనిచేసిన దాని ఫలితం కళ్ళతో చూడలేదు. తాను చూడని ఫలితం కోసం అంతకాలం కష్టపడగలిగినవాడి దగ్గర, ఈ పని నా పేరు మీద జరగాలి అన్న ఆశ ఉండి ఉండదు.

కాలేజీ పిల్లలు ఒక ప్రశ్న వేస్తుంటారు. సర్వశక్తుడైన దేవుడికి మన పొగడ్త ఎందుకండీ? మహిమంతా నాకే కావాలని ఏ మనిషైనా అంటే అతన్ని అహంకారి అంటాం కదా? ఇది తోసిపుచ్చదగిన ప్రశ్న కాదు. నేను వాళ్ళకు యోహాను సువార్త చదవమని చెబుతాను. మనుష్యకుమారుడు మహిమ పొందే గడియ వచ్చిందని యేసు అన్నప్పుడు ఆయన చూపు సిలువ మీద ఉంది. దేవుని మహిమ అక్కడ వేరే రకంగా కనిపిస్తుంది. ఇవ్వడంలో, దిగిరావడంలో, ఇంకొకరు బతకడం కోసం తాను చావడంలో. అలాంటి దేవునికి మహిమ చెల్లించడమంటే ఆయన ఖజానాలో మన పొగడ్తలు జమ చేయడం ఎలా అవుతుంది? ఆయన దిగిన దారిలో మనమూ దిగడమే. ఒకరి దగ్గర ఒకరు మెప్పు పుచ్చుకుంటూ ఉండేవాళ్ళకు విశ్వసించడమే కష్టమని అదే సువార్త 5వ అధ్యాయంలో యేసు అన్నాడు. మెప్పు అలవాటైనవాడికి దేవుడు అవసరం లేకుండా పోతాడు. అతనికి కావలసింది చూసే కళ్ళు. ఆ కళ్ళు చూడడం మానేసిన రోజున అతని విశ్వాసమూ వాడిపోతుంది.

అపొస్తలుల కార్యాల్లో రెండు సంఘటనలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. 12వ అధ్యాయంలో హేరోదు రాజవస్త్రాలు వేసుకుని సింహాసనం మీద నుంచి మాట్లాడితే, ఇది దేవుని గొంతు అని జనం కేకలు పెట్టారు. అతను కాదనలేదు. మౌనంగా ఉండిపోవడమే అతని నేరమైంది. 14వ అధ్యాయంలో, లుస్త్రలో కుంటివాడు లేచి నడిచాక, పౌలు బర్నబాల కోసం పూజారి ఎడ్లనూ పూలదండలనూ తెచ్చాడు. వాళ్ళిద్దరూ బట్టలు చింపుకుని, మేమూ మీలాంటి మనుషులమే అంటూ జనంలోకి ఉరికారు. వేదిక మీద నుంచి వద్దని చెప్పలేదు, గుంపులోకి దిగి చెప్పారు. మన మహాసభల్లో ఎడ్లు లేవు. దండలున్నాయి, గజమాలలున్నాయి, ఊరి మొదటి నుంచి చివరి దాకా దైవజనుల ఫ్లెక్సీలున్నాయి. ప్రభువు పేరు చిన్న అక్షరాల్లో పై మూలన, వక్త ముఖం నిలువెత్తున. ఎక్కడో సంపాదించిన బిరుదులు పేరుకు ముందు. ఇవన్నీ దేవుని ఘనత కోసమేనని చెప్పేవాళ్ళను చూస్తే నాకు బాధ కలుగుతుంది. వాళ్ళలో చాలామంది పదేళ్ళ క్రితం సైకిల్ మీద పల్లెలు తిరిగి, నీళ్ళు తాగి పడుకుని సేవ చేసినవాళ్ళే. ఆ రోజుల్లో వాళ్ళ ముఖంలో ఉన్న కాంతి నేను చూశాను. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళం మనం. దాని ఎత్తు పెంచింది మన చందాలు. వాళ్ళొక్కరినే అంటే సరిపోదు.

మరి మంచి పని దాచాలా, చూపించాలా? కొండమీది ప్రసంగంలోనే రెండు మాటలూ ఉన్నాయి. మీ మంచి పనులు చూసి జనం తండ్రిని మహిమపరచాలని ఒకచోట, దానం చేసేటప్పుడు ఎడమ చేతికి తెలియనివ్వవద్దని మరోచోట. నాకు తోచింది చెబుతాను. కొండ మీద కనిపించేది ఊరు. ఏ ఒక్క ఇల్లో విడిగా కనిపించదు. సంఘం కలిసి చేసిన మంచి కనిపించాలి, అందులో నా వంతు ఎంతో నేను చాటుకోకూడదు. సంఘం నడిపే ఆస్పత్రిలో మందు అందిందని ఊరికి తెలియాలి, మందుకు డబ్బిచ్చింది ఎవరో గోడమీద పాలరాతి పలకలో ఉండనక్కరలేదు. అదే సమయంలో, ఆ ఆస్పత్రిలో రాత్రులు మేలుకున్న నర్సమ్మ పేరు సంఘానికి తెలియాలి. ఇచ్చేవాడు తన పేరు దాచుకోవాలి, సంఘం చిన్నవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోవాలి. మనం చాలాచోట్ల దీన్ని తలకిందులు చేశాం.

మాటలతో వదిలేయడం ఇష్టం లేక కొన్ని పనులు అడుగుతున్నాను. ఈ ఏడు వార్షిక నివేదిక రాసేటప్పుడు పాస్టరు గారి పర్యటనలతో మొదలుపెట్టకండి. పిడికెడు బియ్యం పోగుచేసే అమ్మల పేర్లతో, గుడి ఊడ్చేవారి పేరుతో, ఆదివారం బడి నడిపే పిల్లల పేర్లతో మొదలుపెట్టండి. జమాఖర్చులు కమిటీ గదిలో చదివి ఊరుకోవద్దు, సంఘమంతటి ముందు చదవండి. కానుక దేవునిదని చెప్పినప్పుడు దాని లెక్క దాచే హక్కు ఎవరికీ ఉండదు. కాలం తీరిన పెద్దలు పదవి దిగండి. కోర్టుల్లో సంఘం ఆస్తుల మీద సాగుతున్న తగాదాల్లో సగం, దిగడం చేతకాకపోవడం వల్ల వచ్చినవే. అయ్యగార్లకు ఒక మనవి. బాప్తిస్మ కూడిక రోజున, మీతోపాటు పల్లెలో ఆ కుటుంబానికి మొదట సువార్త చెప్పినవాళ్ళను పిలిచి ముందు నిలబెట్టండి.

చివరిగా యువకులతో ఒక మాట. మన పాత సంఘాల్లో బాప్తిస్మ రిజిస్టర్లు, ఉపదేశుల జీతాల పుస్తకాలు, బైబిలు స్త్రీల నివేదికలు బీరువాల్లో చెదలు పడుతున్నాయి. వాటిలో వేల పేర్లున్నాయి. ఇంటిపేరు లేనివి, ఒక్క ముక్కలో రాసినవి, వేలిముద్ర పక్కన రాసినవి. మిషన్ చరిత్రలు ఇంగ్లీషులో ఉన్నాయి, వాటిలో దొరల పేర్లు భద్రంగానే ఉన్నాయి. మనవాళ్ళ పేర్లు ఈ పుస్తకాల్లోనే ఉన్నాయి. ఇంకో నాలుగైదు వానాకాలాలు పోతే అవీ మిగలవు. ఫోను ఉన్న ప్రతి ఒక్కరూ పేజీలు ఫొటో తీయగలరు. పాత చేతిరాత చదవగలిగిన పెద్దలు మన మధ్య ఇంకా ఉన్నారు. మీ సంఘంలో అలాంటి పుస్తకం ఉంటే, సభ ముగిశాక వచ్చి నాకు చెప్పండి. ఈ పని ఎక్కడ మొదలుపెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.